కారు రంగు మీద గీత పడిందా? ముందు గోరు పెట్టి చూడండి

బెజవాడ కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర అరగంట కారు ఆపి వచ్చేసరికి తలుపు మీద కొత్త గీత ఒకటి పడి ఉంటుంది. తోపుడు బండి మూల తగిలిందో, స్కూటర్ హ్యాండిల్ రాసుకుందో, ఎవర్నడిగినా చెప్పరు. అప్పుడు మనవాళ్లు రెండే పనులు చేస్తారు. వేలికి ఉమ్ము తడి చేసుకుని ఆ గీత మీద రుద్ది చూస్తారు. ఇంటికెళ్లాక ఫోన్‌లో టూత్‌పేస్ట్ చిట్కాల వీడియోలు వెతుకుతారు. రెండోదాని సంగతి తర్వాత. మొదటిది మాత్రం, చూడటానికి మొరటుగా ఉన్నా, పనికొచ్చే పరీక్షే.

ఎందుకంటే, కారు రేకు మీద ఉన్నది ఒక్క రంగు కాదు. రేకుని అంటిపెట్టుకుని తుప్పు పట్టకుండా ఒక అడుగు పూత, దాని మీద రంగు పట్టుకునేందుకు ప్రైమర్, ఆ పైన మనకు కనిపించే రంగు, అన్నిటికన్నా పైన గాజులాంటి పూత ఇంకొకటి. ఆటోనగర్‌లో దాన్ని ‘క్లియర్’ అంటారు. ఈ పొరలన్నీ కలిపినా మందం మిల్లీమీటరులో పదో వంతుకి కాస్త అటూ ఇటూ. అందులో క్లియర్ వాటా సుమారు 40 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక కన్నా సన్నం. మీరు ఏ పాలిష్ పెట్టి రుద్దినా ఆ 40 లోంచే కొంత అరిగిపోతుంది, మళ్లీ పెరగదు. బీరువాలో దాచుకున్న డబ్బు లాంటిది. తీయొచ్చు, కానీ ఎంత తీస్తున్నామో తెలిసి తీయాలి.

గీత లోతు తెలుసుకోవడం

గీత ఉన్నచోట శుభ్రంగా కడిగి, నీళ్లు చిలకరించండి. తడిగా ఉన్నంతసేపూ గీత మాయమై, ఆరగానే మళ్లీ కనిపిస్తే అది క్లియర్ పొరలోనే ఉంది. ఉమ్ము పరీక్ష చెప్పేదీ ఇదే. తర్వాత గోటిని గీతకి అడ్డంగా నెమ్మదిగా లాగండి. గోరు జారిపోతే పాలిష్‌తో పోయే గీత. గోరు తట్టుకుని ఆగితే రంగు దాకా దిగింది, రుద్దితే పోదు, నింపాలి. ఇంకా అనుమానముంటే లోపల కనిపించే రంగు చూడండి. బూడిద రంగో, తెలుపో కనిపిస్తే ప్రైమర్. మెరుస్తున్న లోహం కనిపిస్తే రేకు. బంపర్ మీద నల్లగా కనిపిస్తే కింద ఉన్నది ప్లాస్టిక్, దానికి తుప్పు భయం లేదు కాబట్టి తొందరపడక్కర్లేదు. రేకు కనిపిస్తే మాత్రం ఈ వారమే చూడండి. వానాకాలంలో మన గాలిలో ఉండే చెమ్మకి నాలుగు రోజులు చాలు, ఎర్రటి చుక్క పుడుతుంది. సూర్యలంక బీచ్‌కో మచిలీపట్నానికో తరచూ వెళ్లొచ్చే బండి అయితే ఇంకా ముందే.

కొన్నిసార్లు అది గీతే కాదు. గేటుకో, పక్క బండికో రాసుకున్నప్పుడు దాని రంగు మన కారు మీద అంటుకుంటుంది. చూస్తే గుండె గుభేలుమంటుంది, చేత్తో తడిమితే కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది. అక్కడ మన రంగు పోలేదు, వాళ్లది వచ్చి చేరింది. కాస్త రబ్బింగ్ కాంపౌండ్ (రంగు పైపొరని సన్నగా అరగదీసే ముద్ద) పెట్టి తుడిస్తే చాలావరకు వచ్చేస్తుంది. థిన్నర్ జోలికి వెళ్లకండి. కంపెనీ రంగు కాసేపు ఓర్చుకున్నా, ఆ తలుపు మీద ఎప్పుడో ఎవరో టచప్, అంటే పోయిన చోట మళ్లీ రంగు, చేయించి ఉంటే అది కరిగి ఊడొస్తుంది.

చేయాల్సిన వేళ

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా, పొద్దున ఏడు నుంచి పది లోపు, నీడలో. మే నెలలో బెజవాడ ఎండకి బానెట్ మీద చేయి ఆనదు. ఆ వేడికి కాంపౌండ్ రుద్దకముందే ఎండిపోతుంది, టచప్ రంగు పైపైన గట్టిపడి లోపల పచ్చిగానే ఉండిపోతుంది. ఆగస్టులో ముసురు పట్టినప్పుడు క్లియర్ కొడితే చెమ్మ చేరి పాలలాగా తెల్లబడుతుంది. చేయి ఆనించి ఐదు లెక్కపెట్టే వరకూ ఉంచగలిగితే రేకు చల్లగా ఉన్నట్టు. పక్కింట్లో టైల్స్ కోస్తున్న రోజున మాత్రం ఏమీ మొదలుపెట్టకండి.

కడగడం కూడా పనిలో భాగమే. బోరు నీళ్లతో కడిగి ఎండలో ఆరబెడితే తెల్ల చుక్కలు మిగులుతాయి, అవి లవణాలు. కృష్ణా నీళ్లు వచ్చే కుళాయి ఉంటే దాన్ని వాడండి. రెండు బకెట్లు పెట్టుకోండి. ఒకదానిలో షాంపూ నీళ్లు, ఇంకోదానిలో మట్టి గుడ్డని జాడించడానికి మంచినీళ్లు. బట్టల సబ్బు పొడి వద్దు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. మన కార్ల మీద ఎండలో సాలెగూడులా కనిపించే సన్నటి గీతల్లో ఎక్కువ భాగం స్కూటర్ల వల్ల పడ్డవి కావు, రోజూ పొద్దున దుమ్ము దులిపే పొడి గుడ్డ వల్ల పడ్డవి. అపార్ట్‌మెంట్‌లో ఒకే గుడ్డ, ఒకే బకెట్, పన్నెండు కార్లు. ‘బాబాయ్, నీళ్లు పోశాకే గుడ్డ పెట్టు, లేకపోతే అసలు తుడవకపోయినా పర్లేదు’ అని మా వాచ్‌మన్‌తో చెప్పాను. ఆయనకది నేను బద్ధకం నేర్పుతున్నట్టు అనిపించింది గానీ ఒప్పుకున్నాడు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్ వైపు కార్ల మీద ఒండ్రు ఆరి పొరలా మిగిలింది. దాన్ని పొడిగా తుడిచినవాళ్లు వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) పెట్టి రుద్దినట్టే చేశారు. అలాంటి మట్టిని పైపుతో నీళ్లు కొట్టి కరిగించాలి తప్ప తుడవకూడదు.

గోరు తట్టని గీతలు

సామాను తక్కువే. రబ్బింగ్ కాంపౌండ్ ఒకటి, దానికన్నా నున్నటి పాలిష్ ఒకటి, వ్యాక్స్, నాలుగైదు మైక్రోఫైబర్ గుడ్డలు, ఒక స్పాంజి ప్యాడ్, మాస్కింగ్ టేప్. పాత బనియన్లు, లుంగీ ముక్కలు పక్కన పెట్టేయండి.

గీత చుట్టూ తలుపు అంచులకీ, రేకు మడత తిరిగిన చోట్లకీ టేప్ వేయండి. అంచుల మీద రంగు ఎప్పుడూ పలచగా ఉంటుంది, పైగా రుద్దేటప్పుడు ఒత్తిడంతా అక్కడే పడుతుంది. ఈ సంగతి నాకు పుస్తకంలో చదివి తెలియలేదు. మా పాత వెండి రంగు కారు బానెట్ అంచు మీద చిన్న గీతని పట్టుబట్టి తీద్దామని ఒక ఆదివారం కూర్చున్నాను. గీత పోయింది, దానితోపాటు రంగూ పోయింది, రూపాయి బిళ్లంత ప్రైమర్ బయటపడింది. దాన్ని సరిచేయించడానికి అయిన ఖర్చుతో నాలుగు కొత్త గీతలు పోగొట్టించుకోవచ్చు.

ప్యాడ్ మీద రూపాయి బిళ్లంత కాంపౌండ్ వేసుకోండి. ఒక చదరపు అడుగు మేరే పని పెట్టుకోండి. ముందు అడ్డంగా, తర్వాత నిలువుగా, ఒక నిమిషం మధ్యస్థమైన ఒత్తిడితో రుద్దండి. తుడిచి, ఫోన్ టార్చ్‌ని ఏటవాలుగా పట్టి చూడండి. అవసరమైతే రెండోసారి. మూడోసారికి కూడా మిగిలిన గీతని అలాగే వదిలేయండి. నూటికి ఎనభై వంతులు తగ్గితే చాలు, వీధిలో నిలబడి చూసేవాళ్లకి కనిపించదు. కాంపౌండ్ తర్వాత పొగమంచు కప్పినట్టు సన్నటి మసక మిగులుతుంది, అది నున్నటి పాలిష్‌తో పోతుంది. ఆపైన వ్యాక్స్.

గోటికి తగిలీ తగలనట్టు ఉండే గీతకి 2000 నంబరు వాటర్ పేపర్, తర్వాత 3000 వాడొచ్చు. పేపర్‌ని పావుగంట నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లలో ఒక చుక్క షాంపూ వేసి, చెక్కకో రబ్బరుకో చుట్టి, బరువు వేయకుండా పది పన్నెండు సార్లు ఆడించండి. వేళ్లతోనే నొక్కి రుద్దితే వేళ్ల వెంబడి చాళ్లు పడతాయి. కారుతున్న నీళ్ల మీద కన్నేసి ఉంచండి. తెల్లగా పాలలా ఉంటే క్లియర్ అరుగుతోంది, ఫర్వాలేదు. నీళ్లలో కారు రంగు కనిపించిందంటే వెంటనే ఆపేయండి, ఇంక అది పాలిష్ పని కాదు.

బఫింగ్ మెషీన్ సంగతి అడుగుతారు. ఊగుతూ తిరిగే రకం, డ్యూయల్ యాక్షన్ అంటారు, కొత్తవాళ్ల చేతికి ఇచ్చినా పెద్దగా ప్రమాదం లేదు. గుండ్రంగా ఒకటే వేగంతో తిరిగే రోటరీ మాత్రం అనుభవం లేకపోతే రంగుని కాల్చేస్తుంది.

టూత్‌పేస్ట్? అందులో సన్నటి రాపిడి పొడి ఉంటుంది కాబట్టి అతి సన్నటి గీతలు కొంత తగ్గుతాయి. అదే పనిని కాంపౌండ్ నికరంగా, తక్కువ నష్టంతో చేస్తుంది. ఇంక గోళ్ల రంగుతో నింపడం, నూనె స్ప్రే కొట్టి గీత పోయిందనుకోవడం లాంటివి ఒక్కసారి కడిగేదాకా, లేదా ఒక ఎండాకాలం దాకా.

పెచ్చులు ఊడితే

గుంటూరు రోడ్డు మీద కంకర టిప్పర్ వెనకాల మంగళగిరి దాకా వెళ్లిన ప్రతి కారు బానెట్ ముందు అంచునా ఈ గుర్తులుంటాయి. మిరప గింజంత చుక్కలు. ఇంట్లో చేసుకోదగిన పనుల్లో దీనికే ఫలితం ఎక్కువ, ఎందుకంటే ఇక్కడ అందం కన్నా తుప్పు ఆపడం ముఖ్యం.

ముందు రంగు కోడ్ కనుక్కోండి. డ్రైవర్ తలుపు తెరిస్తే పక్క స్తంభం మీదో, బానెట్ కింద ఉన్న చిన్న రేకు మీదో ఉంటుంది. ఆర్‌సీలో ‘సిల్వర్’ అని రాసి ఉంటే సరిపోదు, సిల్వర్లు ఎన్నో ఉన్నాయి. సుజుకీ వాళ్ల సిల్కీ సిల్వర్‌కి జెడ్2ఎస్ అనే కోడ్ ఉన్నట్టే ప్రతిదానికీ ఒకటి ఉంటుంది. ఆ కోడ్‌తో కంపెనీ టచప్ సీసా దొరికితే సరే. లేదంటే ఆటోనగర్‌లో పెయింట్ షాపులో తూకం వేసి కలిపిస్తారు. ఇచ్చింది నేరుగా కారు మీద పెట్టకండి. తెల్ల అట్ట ముక్క మీద ఒక చుక్క వేసి, ఆరాక, కారు పక్కన పెట్టి ఎండలో చూడండి. పదేళ్ల కారు రంగు కొంత వెలిసి ఉంటుంది కాబట్టి కోడ్ సరైనదే అయినా కొత్త చుక్క కాస్త ముదురుగా కనిపించొచ్చు. ముత్యపు తెలుపు అయితే ముందే చెబుతున్నాను, పూర్తిగా కలవదు, ఎందుకంటే దాని మెరుపు వేరే పొరలో ఉంటుంది. మెటాలిక్ రంగుల్లో అల్యూమినియం రజను అడుక్కి దిగుతుంది. సీసాని రెండు నిమిషాలు బాగా కదిపాకే మూత తీయండి.

పెచ్చు ఊడిన చోట సెల్లో టేప్ అతికించి ఒక్క లాగు లాగండి. వదులుగా ఉన్న పెచ్చులుంటే దానికి అంటుకుని వచ్చేస్తాయి, ఇప్పుడే రావడం మంచిది. తర్వాత తుప్పు. పెన్సిల్ వెనకాల ఉండే రబ్బరు మీద 600 నంబరు పేపర్‌ని గుండ్రంగా కత్తిరించి అంటించుకుంటే చుక్కంత చోటుకి సరిపోయే పనిముట్టు తయారైనట్టే. చుట్టూ ఉన్న మంచి రంగుకి తగలకుండా లోపల మెరిసే దాకా తిప్పండి. గోధుమ రంగు ఇంకా మిగిలితే తుప్పు మార్చే మందు ఒక చుక్క పెట్టి, దాని సీసా మీద చెప్పినంతసేపు ఆగండి. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. పాత వ్యాక్స్ మిగిలి ఉంటే కొత్త రంగు పట్టుకోదు.

రేకు కనిపిస్తుంటేనే ప్రైమర్. సీసాతో వచ్చే బ్రష్ దీనికి పెద్దది. కొబ్బరి ఈనె చీపురు పుల్ల ఒకటి విరిచి కొస చెక్కుకోండి, టూత్‌పిక్ అయినా సరే. రంగుని పూయకండి, గుంట మధ్యలో చుక్క పెట్టండి. దానంతట అదే అంచుల దాకా పాకుతుంది. ఒక్కసారే నింపేద్దామనుకుంటే ఆరేటప్పుడు మధ్యలో కుంగిపోతుంది. గంట గంటకీ ఒక పలుచని చుక్క, మూడో నాలుగో సార్లు, చుట్టూ ఉన్న మట్టానికి రవ్వంత తక్కువ వచ్చే దాకా. చివరగా క్లియర్, ఇది మట్టానికి రవ్వంత ఎక్కువ ఉండేలా.

ఇంక వారం రోజులు దాన్ని మర్చిపోండి. అందరూ చెడగొట్టేది ఇక్కడే. పైన ఆరినట్టు కనిపిస్తుంది, మర్నాడే పేపర్ పెట్టి రుద్దితే ముద్ద మొత్తం లేచి వస్తుంది. వారం తర్వాత రబ్బరు ముక్కకి 2000 పేపర్ చుట్టి, తడిపి, ఆ బొడిపెని మాత్రమే అరగదీసి, 3000 తో నున్న చేసి కాంపౌండ్ పెట్టండి. అరగదీయడానికి ధైర్యం చాలకపోతే అలాగే వదిలేయండి. బొడిపె కనిపిస్తుంది గానీ తుప్పు పట్టదు.

రంగు దాకా దిగిన పొడుగు గీత

సన్నగా ఉంటే పైన చెప్పినట్టే, చుక్కలకి బదులు గీత వెంబడి సన్నటి బ్రష్‌తో. వెడల్పుగా ఉంటే స్ప్రే డబ్బా కావాలి. గీత రెండు వైపులా 600 పేపర్‌తో అంచులు ఏటవాలుగా కలిసిపోయేలా రుద్ది, లోతుంటే పలచగా పుట్టీ పెట్టి, మట్టం చేసి, ప్రైమర్ కొట్టి, ఆరాక 1000 తో నున్న చేయాలి. బంపర్‌కైతే మామూలు ప్రైమర్ కన్నా ముందు ప్లాస్టిక్ ప్రైమర్. చుట్టూ పేపర్లు కప్పేటప్పుడు టేప్ అంచుని వెనక్కి మడిచి వదులుగా ఉంచండి, లేకపోతే కొత్త రంగు గట్టు కట్టినట్టు ఆగిపోయి కనిపిస్తుంది. జానెడు దూరం నుంచి, చేయి ఆపకుండా, గీతకి ఇవతల నొక్కడం మొదలుపెట్టి అవతల వదలండి. మొదటి పూతకి కింద ప్రైమర్ కనిపిస్తూనే ఉండాలి. పది నిమిషాల విరామంతో మూడు పూతలు, తర్వాత రెండు మూడు క్లియర్. కారిందా, ముట్టుకోకండి. ఆరనిచ్చి, అరగదీసి, మళ్లీ.

చలికాలంలో డబ్బాని గోరువెచ్చని నీళ్లలో పెట్టుకోమంటారు. మన ఊళ్లో ఆ అవసరం ఏడాదిలో ఎన్ని రోజులు వస్తుందో మీకే తెలుసు. ఎండాకాలంలో మాత్రం ఆ డబ్బా కారులో వదలొద్దు, పేలుతుంది.

హార్డెనర్ కలిపే టూకే క్లియర్ ఇంట్లో వాడకండి. అందులో ఐసోసైనేట్లు ఉంటాయి, ఒకసారి ఊపిరితిత్తులకి పడకపోతే ఉబ్బసం జీవితాంతం వెంటాడొచ్చు. గుడ్డ కట్టుకున్నా, మామూలు మాస్కు పెట్టుకున్నా అది ఆగదు. హార్డెనర్ అక్కర్లేని మామూలు డబ్బా క్లియర్ చాలు, కాకపోతే దానికి పెట్రోల్ పడదు. ట్యాంకు మూత చుట్టుపక్కల గీతలకి దాన్ని నమ్ముకోకండి.

నా లెక్కలో అరచేయి కన్నా పెద్ద మచ్చ ఇంటి పని కాదు. జవహర్ ఆటోనగర్ పక్కనే పెట్టుకుని ఇంటి సందులో తలుపు మొత్తం స్ప్రే కొట్టడం ఎందుకు? అక్కడికి వెళితే ధర కన్నా ముందు రెండు విషయాలు అడగండి. పక్క ప్యానెల్ మీదకి రంగు కలుపుతారా, క్లియర్ తలుపు మొత్తానికి కొడతారా. రెండింటికీ అవునంటేనే మచ్చ తెలియకుండా వస్తుంది. ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేసేముందు నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) చూసుకోండి. మొదటి ఏడు 20 శాతంతో మొదలై వరసగా క్లెయిమ్ లేకపోతే 50 శాతం దాకా వెళుతుంది. ఒక్క గీత కోసం దాన్ని పోగొట్టుకుంటే చాలాసార్లు నష్టమే.

వెలిసిపోయిన రంగు

ఎప్పుడూ పైకప్పు, బానెట్ మీదే మొదలవుతుంది, ముఖ్యంగా ఎరుపు రంగుకి. తెల్లగుడ్డతో కాస్త కాంపౌండ్ పెట్టి రుద్ది చూడండి. గుడ్డకి కారు రంగు అంటితే దాని మీద క్లియర్ లేదు, పాతకాలపు ఒకే పొర రంగు. ఇలాంటివి బాగా తేరుకుంటాయి. పైన చచ్చిన పొరని కాంపౌండ్‌తో తీసేస్తే కింద ఉన్న రంగు బయటికొస్తుంది. గుడ్డకి రంగు అంటకపోతే క్లియర్ మసకబారింది, ఇంతకుముందు చెప్పిన పద్ధతే, కాంపౌండ్, పాలిష్, వ్యాక్స్. క్లియర్ ఎండకి ఒలిచిన చర్మంలా పొలుసులుగా లేస్తుంటే మాత్రం పాలిష్ మీద ఒక్క రూపాయి కూడా పెట్టకండి. అది మళ్లీ పెయింట్ వేయించాల్సిందే.

డీజిల్ గుడ్డతో తుడిచి మెరిపించే అలవాటు ట్యాక్సీ స్టాండుల్లో ఇంకా ఉంది. సాయంత్రం దాకా మెరుస్తుంది, మర్నాటికి ఊళ్లో దుమ్మంతా దాని మీదే.

దుర్గమ్మ గుడి దగ్గర పూజ చేయించాక బానెట్ మీద పెట్టిన స్వస్తిక్ గురించి కూడా అడుగుతుంటారు. పసుపు మరక ఎండకి దానంతట అదే వెలుస్తుంది, తొందరపడి గీకొద్దు. రంగు కలిపిన కుంకుమ తెల్ల కారు మీద గులాబీ నీడ వదులుతుంది కాబట్టి ఆ సాయంత్రమే నీళ్లతో కడిగేయండి, అమ్మవారేమీ అనుకోదు. పక్షి రెట్ట, నేరేడు పండు మరకలు అంతకన్నా ప్రమాదం. ఎండకి రంగు మెత్తబడ్డప్పుడు అవి క్లియర్‌ని తినేస్తాయి. తడిగుడ్డ పది నిమిషాలు పరిచి ఉంచి, నానాక ఎత్తేయండి.

కొత్తగా టచప్ చేసినచోట నెల రోజుల దాకా వ్యాక్స్ వద్దు, లోపలి ద్రావకం బయటికి పోవాలి. మిగిలిన రంగుని నిండుగా పట్టేంత చిన్న సీసాలోకి మార్చండి, ఖాళీ ఎక్కువుంటే పైన మీగడ కడుతుంది. మూత మీద కోడ్, తేదీ రాసి పిల్లలకి అందని చోట పెట్టండి. కంకర టిప్పర్లు రేపు కూడా తిరుగుతాయి.